నల్గొండలో రీఫ్ ట్యాంక్: మొదటి కోరల్ ఏది, ఎక్కడ పెట్టాలి, మే నెల ఎలా దాటించాలి?

రామగిరి_నల్గొండ

అందరికీ నమస్తే. ఉండేది నల్గొండ టౌన్‌లో. మంచినీళ్ళ చేపలు ఎనిమిదేళ్ళ నుంచి పెంచుతున్నా, గప్పీలతో మొదలై ఏంజెల్స్ దాకా వచ్చింది. పోయిన అక్టోబర్‌లో ధైర్యం చేసి ఉప్పునీళ్ళ ట్యాంక్ పెట్టాను. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. కింద క్యాబినెట్‌లో చిన్న సంప్ (నీళ్ళు దిగి శుభ్రమై తిరిగెళ్ళే తొట్టి), స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసేది), లోపల ఒక వేవ్‌మేకర్ (అలలు పుట్టించే పంపు), పైన రీఫ్ ఎల్ఈడీ లైటు. రాళ్ళు పొడివే వాడాను, సముద్రం నుంచి తీసినవి కావు. చేపల్ని చంపే అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి రావడానికి ఆరు వారాలు పట్టింది, ఆ తరవాతే క్లౌన్ చేపల జంటను వదిలాను. రెండూ బాగున్నాయి, చేతి దగ్గరికి వచ్చి తింటున్నాయి.

ఇప్పుడు కోరల్స్, అంటే ప్రాణమున్న పగడాలు, పెట్టాలని ఉంది. మా చిన్నది రోజూ సాయంత్రం ట్యాంక్ ముందు పీట వేసుకుని కూర్చుని "నాన్నా, పువ్వులు ఎప్పుడొస్తాయి" అని అడుగుతోంది. మా అమ్మేమో పగడాలు అనగానే కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే పగడం అనుకుంది, అది ఇంట్లో పెరుగుతుందా అని అడిగింది. నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు.

నా అనుమానాలు ఇవి. మా బోరు నీళ్ళలో టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) మీటర్ పెడితే 900 పైనే చూపిస్తుంది, మన జిల్లా ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. నల్లా నీళ్ళు కృష్ణవి, కాస్త నయం. ఇప్పటిదాకా ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళే ట్యాంక్‌లో పోస్తున్నా. ఆ ఫ్లోరైడ్ కోరల్స్‌ని చంపుతుందా? ఇంకోటి, మా బావమరిది బాపట్లలో ఉంటాడు, సూర్యలంక నుంచి డ్రమ్ముల్లో సముద్రపు నీళ్ళే తెచ్చిస్తానంటున్నాడు, ఉప్పు ఖర్చు తప్పుతుంది కదా అని. ఇక ఎండలు. ఇప్పుడు ఫిబ్రవరి, ట్యాంక్ 26 డిగ్రీల దగ్గర నిలబడింది, మేలో మన దగ్గర 44, 45 కొడితే ఏం చేయాలి? ఒక షాపతను హ్యామర్ కోరల్, అక్రొపోరా ఫోటోలు పంపి తక్కువకే ఇస్తానంటున్నాడు. తీసుకోవచ్చా? తీసుకుంటే పైన పెట్టాలా, కింద పెట్టాలా? చేతిలో పైసలున్నాయి, తొందరా ఉంది, అందుకే ముందు మిమ్మల్ని అడుగుతున్నా.

---

మిర్యాలగూడ_జీరోటీడీఎస్

తమ్ముడూ, కోరల్ సంగతి మిగతావాళ్ళు చెబుతారు, నేను నీళ్ళ గురించే చెబుతా, ఎందుకంటే మన వైపు ట్యాంకులు పోయేది ఎక్కువ నీళ్ళ దగ్గరే.

ఫ్లోరైడ్ పేరు వింటే మనకు గుండె జల్లుమంటుంది. మర్రిగూడ, చండూరు వైపు నడుములు వంగిపోయిన మనుషుల్ని చూసి పెరిగినవాళ్ళం. కానీ సముద్రపు నీళ్ళలోనే లీటరుకు దాదాపు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. తాగే నీళ్ళకు మన దేశంలో పెట్టిన పై హద్దు 1.5. అంటే కోరల్స్ పుట్టి పెరిగే నీళ్ళే ఆ హద్దుకు దగ్గర్లో ఉన్నాయన్నమాట. కాబట్టి ఉందా లేదా అన్నది కాదు సమస్య, రోజురోజుకూ పేరుకోవడం సమస్య.

ట్యాంక్‌లోంచి ఆవిరయ్యేది ఉత్త నీరు. ఉప్పు, సున్నం, నైట్రేట్, ఫ్లోరైడ్ ఏదీ ఆవిరి కాదు, పాలు మరిగి చిక్కబడ్డట్టు అన్నీ లోపలే మిగులుతాయి. నీ ట్యాంక్ కొలతలకు 190 లీటర్లు, రాళ్ళూ పైన ఖాళీ పోగా 160 అనుకో. ఎండాకాలం చల్లదనానికి నీళ్ళ మీదికి ఫ్యాన్ పెడితే రోజుకు 4 లీటర్లు సులువుగా తగ్గుతుంది. నెలకు 120 లీటర్లు. ఆ 120 లీటర్లూ 900 టీడీఎస్ బోరు నీళ్ళే పోశావనుకో, నెల తిరిగేసరికి 108 గ్రాముల ఖనిజాలు ట్యాంక్‌లో వేసినట్టు. ఆ బోరులో ఫ్లోరైడ్ 3 ఉంటే లెక్క ప్రకారం ట్యాంక్‌లో లీటరుకు ఇంకో 2.25 మిల్లీగ్రాములు చేరాలి, అంటే ఉండాల్సినదానికి రెండున్నర రెట్లు పైనే. అదీ కాక బోరు నీళ్ళ కార్బొనేట్లతో ఆల్కలినిటీ (నీళ్ళ క్షారగుణం) రోజూ ఇంత పైకి పాకుతుంది, నైట్రేట్, సిలికేట్ తిని గోధుమరంగు పాచి రాళ్ళను కప్పేస్తుంది. కోరల్ చచ్చాక జనం లైటును తిడతారు, తప్పు బకెట్‌లో ఉంటుంది.

తాగే ఆర్వో నీళ్ళు కూడా నేరుగా పోయొద్దు. ఇంటి ఆర్వోల్లో చాలావాటికి టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న మర ఉంటుంది, రుచి కోసం కొంత పచ్చినీళ్ళను మళ్ళీ కలుపుతుంది. దాని వెనక మినరల్ కాట్రిడ్జ్ ఒకటి. మనుషులకు అది మంచిదే, ట్యాంక్‌కు కాదు. ఫిల్టర్ పొర దాటిన వెంటనే, ఆ రెండూ తగలకముందే ఒక టీ జాయింట్ పెట్టించి ట్యాంక్‌కు వేరే పైపు తీయించు. ఆ పైపు చివర డీఐ రెజిన్ (మిగిలిన లవణాలను పట్టేసే గుళికలు) గొట్టం తగిలించు. రంగు మారే రెజిన్ తీసుకుంటే ఎప్పుడు అయిపోయిందో కంటికే తెలుస్తుంది. మీటర్ 0 చూపించాలి, 2, 3 వచ్చిందంటే రెజిన్ మార్చే టైమ్ దగ్గరపడినట్టు. బోరు నీళ్ళతో నడిపితే రెజిన్ చూస్తుండగానే అయిపోతుంది, నల్లా నీళ్ళు వచ్చిన రోజు పట్టుకుని వాటితో నడిపించు, ఖర్చు సగం మిగులుతుంది. ఆర్వో వదిలేసే వేస్ట్ నీళ్ళు పారబోయకుండా వాకిలి కడగడానికి, బండి కడగడానికి వాడుకో.

సూర్యలంక నీళ్ళు వద్దు. ప్రేమతోనే తెస్తానంటున్నాడు, నొప్పించకుండా చెప్పు. కోరల్స్ పెరిగేది నదీముఖాలకు దూరంగా ఉండే తేటనీళ్ళలో. మన కోస్తాలో ఒడ్డు దగ్గర కృష్ణా డెల్టా కాలువలు, డ్రైన్ల నీళ్ళు కలుస్తాయి, బురద, పొలాల మందులు, ఎరువులు అన్నీ అటే వస్తాయి, వానాకాలంలో ఉప్పు కూడా పడిపోతుంది. పైగా మూత పెట్టిన డ్రమ్ములో కంటికి కనపడని జీవులు బోలెడు చచ్చి కుళ్ళుతాయి. రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ప్యాకెట్ ఉప్పే కొను, వంట ఉప్పు కాదు. లీటరుకు 35 నుంచి 38 గ్రాముల మధ్య పడుతుంది, ప్యాకెట్ మీద ఉంటుంది. నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు, పోస్తే కాల్షియం తెల్లగా ముద్దకట్టి అడుగున చేరుతుంది. రాత్రంతా చిన్న పంపుతో తిప్పి, పొద్దున 35 పీపీటీ (వెయ్యి పాళ్ళకు 35 పాళ్ళ ఉప్పు) వచ్చిందని చూశాకే వాడు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని ఉత్త ఆర్వో నీళ్ళతో సున్నాకి సరిచేసి వదలొద్దు, 35 పీపీటీ ద్రావణం చిన్న సీసాలో అమ్ముతారు, దానితో సరిచేసుకో.

---

పాలమూరు_రీఫ్

నేను మహబూబ్‌నగర్. నీళ్ళ గురించి అన్న చెప్పింది అక్షరాలా నిజం. ఎండ గురించి నా అనుభవం చెబుతా, చదివి నిర్ణయించుకో.

రెండేళ్ళ కిందటి మే నెల, ట్యాంక్ పెట్టి ఏడాది దాటింది, అప్పటిదాకా ఏ ఇబ్బందీ లేదు. మా ఇల్లు మొదటి అంతస్తు, ట్యాంక్ హాల్లో పడమటి గోడకు ఆనించి ఉండేది. జడ్చర్లలో పెళ్ళికి పొద్దున్నే పోయాం. మధ్యాహ్నం కరెంటు పోయి సాయంత్రానికి గానీ రాలేదు. ఇన్వర్టర్ ఉంది, కానీ ట్యాంక్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్ మీద లేదు, ఆ సంగతి నేను ఎప్పుడూ చూసుకోలేదు. రాత్రి తొమ్మిదింటికి తాళం తీసేసరికి థర్మామీటర్ 32.5. లెదర్ కోరల్ తడిబట్ట వేలాడినట్టు పక్కకు పడిపోయి ఉంది, చేపలు నీటి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నాలుగు రోజుల్లో మష్రూమ్ కోరల్స్ ఊదా రంగు పోయి పాలిపోయాయి, వారానికి తెల్లగా అయ్యాయి. ఐదింట్లో మూడు పోయాయి. మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది, రోజూ మేత వేసేది తనే.

కోరల్ కండలో కంటికి కనపడని నాచు కణాలు కాపురం ఉంటాయి. వెలుతురుతో వండి కోరల్‌కు కావలసిన తిండిలో చాలా భాగం అవే పెడతాయి, రంగు కూడా చాలామటుకు వాటిదే. వేడి ఎక్కువైతే ఆ నాచు విషం తయారుచేయడం మొదలుపెడుతుంది, కోరల్ దాన్ని బయటికి గెంటేస్తుంది. అదే తెల్లబడటం. సముద్రంలో అయితే ఆ చోటి మామూలు ఎండాకాలపు గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ నాలుగు వారాలు నిలిస్తే చాలు, దిబ్బలు తెల్లబడటం మొదలవుతుంది. 1998లో లక్షద్వీప్‌లో జరిగింది ఇదే, 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతా నాలుగోసారి జరుగుతోందని ప్రకటించారు. తెల్లబడ్డ వెంటనే చచ్చినట్టు కాదు. నా దగ్గర మిగిలిన రెండు మష్రూమ్స్‌ని నీడకు జరిపి, లైటు సగం తగ్గించి, నీళ్ళు 26 దగ్గర నిలబెడితే రెండున్నర నెలలకు మెల్లగా రంగు తిరిగొచ్చింది.

అప్పటి నుంచి నేను చేస్తున్నది చెబుతా. ట్యాంక్‌ని తూర్పు వైపు లోపలి గదిలోకి మార్చాను, పడమటి గోడ సాయంత్రం తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. కింద అంతస్తులో చోటుంటే ఇంకా మేలు. ట్యాంక్ మూత తీసేసి జాలీ వేశాను, నీటి మీదికి ఏటవాలుగా రెండు చిన్న ఫ్యాన్లు. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఫ్యాన్‌తోనే గది వేడి కంటే మూడు నాలుగు డిగ్రీలు తగ్గుతుంది, సముద్రం పక్క ఊళ్ళవాళ్ళకు ఈ లాభం అంతగా దొరకదు. అయితే అదే గదిలో కూలర్ వేసి కిటికీలు మూస్తే గాలి తేమెక్కి ఫ్యాన్ పని చేయదు, కిటికీ ఒకటి తీసే ఉంచాలి. ఫ్యాన్ పెడితే ఆవిరి ఎక్కువ. 160 లీటర్లలో 4 పోతే ఉప్పు ఒక్క రోజులోనే 35 నుంచి 36 దాకా ఎక్కుతుంది, అందుకే ఆటో టాపప్ తప్పదు, నీళ్ళు తగ్గినకొద్దీ చుక్కచుక్కగా డీఐ నీళ్ళు పోస్తూ ఉంటుంది. గది 38 అయితే ఫ్యాన్ తెచ్చేది 34, అది చాలదు. అందుకే పోయినేడు నీళ్ళను చల్లబరిచే చిల్లర్ కొన్నాను. చిల్లర్ వెనక నుంచి వేడిగాలి కొడుతుంది, దాన్ని క్యాబినెట్ లోపల బిగించొద్దు.

కరెంటు పోతే ముందు తరిగేది ప్రాణవాయువు, వేడి ఆ తరవాత. వేడి నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ నిలుస్తుంది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, కరెంటు పోగానే దానంతట అదే మొదలయ్యేది, ఈ రోజే కొను. వేవ్‌మేకర్‌ని ఇన్వర్టర్ లైన్ మీదికి మార్పించు. ఫ్రీజర్‌లో ఆర్వో నీళ్ళతో రెండు లీటర్ల సీసాలు నాలుగు ఎప్పుడూ గడ్డకట్టి ఉంచు, అవసరమైతే మూత బిగించి సంప్‌లో ఒక్కొక్కటిగా తేల్చు, గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా దించకు.

నా మాట వింటే ఈ ఎండాకాలం చేపలతోనే దాటించు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ రోజుల్లో నీ ట్యాంక్ 28 దాటకుండా నిలిస్తే మృగశిర రాగానే కోరల్ తెచ్చుకో. తొందరపడితే ఆగమైతవు, ప్రాణం ఉన్న వాటిని ఆగం చేస్తావు.

---

రామగిరి_నల్గొండ

అన్నలిద్దరికీ మస్తు థ్యాంక్స్. ఇవాళే చూశాను, మా ట్యాంక్ కూడా పడమటి గోడకే ఉంది! ఆర్వో నీళ్ళు మీటర్‌లో పెడితే 74 వచ్చింది, నాలుగు నెలలుగా అవే పోస్తున్నా. వాట్సాప్‌లో ఆర్వో టెక్నీషియన్‌కు మెసేజ్ పెట్టాను, రెజిన్ హైదరాబాద్ నుంచి తెప్పిస్తా.

జూన్ దాకా ఆగడం నాకు కష్టం కాదు, చిన్నదానికి చెప్పడమే కష్టం. గట్టిపిండం లాంటి కోరల్ ఒక్కటైనా ఇప్పుడు పెట్టుకోవచ్చా? షాపతని హ్యామర్, అక్రొపోరా గురించి ఎవరూ ఏమీ అనలేదు.

---

అల_దేవరకొండ

షాపతని గురించి నేను చెబుతాను, కాస్త సూటిగా ఉంటుంది, ఏమీ అనుకోవద్దు. వద్దు. రెండూ వద్దు.

దిబ్బలు కట్టే గట్టి కోరల్స్ అన్నిటినీ, వాటితోపాటు నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, సీ ఫ్యాన్లను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒకటో షెడ్యూల్లో చేర్చారు. పులి ఉన్న షెడ్యూలే అది. హ్యామర్, అక్రొపోరా రెండూ గట్టి కోరల్సే. మన్నార్ సింధుశాఖలో ఒకప్పుడు సున్నం కోసం పగడపు దిబ్బల్ని పడవలకెత్తి అమ్మేశారు, ఆ దెబ్బ నుంచి ఆ దీవులు ఇంకా తేరుకోలేదు. ఒక కొమ్మ వేలెడు పెరగడానికి నెలలు పడుతుంది, బండలా పెరిగే రకాలకు ఏళ్ళు పడుతుంది. అలాంటిది ఉలితో కొట్టి సంచిలో వేసి తక్కువకే ఇస్తానంటే, ఆ తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తోందో ఆలోచించండి. విదేశాల్లో పెంచిందే అని చెప్పినా గట్టి కోరల్స్ దేశాలు దాటాలంటే సైటీస్ (వన్యజీవుల వ్యాపారం మీద దేశాల ఒప్పందం) కాగితాలు కావాలి. ఆ కాగితం చూపించమనండి, మాట మార్చేస్తాడు. సముద్రపు గుర్రాలు అమ్మజూపినా అంతే, వాటినీ 2001లోనే ఒకటో షెడ్యూల్లో చేర్చారు. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ (జీవులు పట్టి ఉన్న రాయి) కూడా వద్దు, మీరు పొడి రాళ్ళతో మొదలుపెట్టడం నాకు చాలా నచ్చింది.

ఇక మీకు సరిపడేవి. రాయిలాంటి గట్టి అస్థిపంజరం లేని మెత్తటి కోరల్స్ ఉన్నాయి, అవి ఒకరి ట్యాంక్‌లో పెరిగి ముక్కలై ఇంకొకరి ట్యాంక్‌కు వెళ్తుంటాయి. తెలిసినవాళ్ళ ట్యాంక్‌లో పెరిగిన ముక్కే అడగండి, తల్లి కోరల్‌ని కళ్ళతో చూసి తీసుకోండి. పాలమూరు అన్నయ్య జూన్ దాకా ఆగమన్నారు, ఆయన బాధ అర్థమైంది, కానీ నేనైతే ముందు ట్యాంక్‌ని ఆ గోడ దగ్గర నుంచి జరిపి, ఫ్యాన్, టాపప్ రెండు వారాలు నడిపి చూసి, అప్పుడు రెండు మష్రూమ్స్, ఒక చిన్న టోడ్‌స్టూల్ లెదర్ పెట్టుకోండి అంటాను. వేడి మొదలయ్యేలోపు వేళ్ళూనుకోవడానికి వాటికి నెలన్నర దొరుకుతుంది.

మష్రూమ్ అడుగున పెట్టాలి, ఇసుకకు దగ్గరగా, రాయి నీడ కొంచెం పడేలా. దానికి వెలుతురు తక్కువ చాలు, పీఏఆర్ (కోరల్‌లోని నాచుకు పనికొచ్చే వెలుతురు కొలత) 50 ఉన్నా బతుకుతుంది. అలలు నేరుగా తగిలితే రాయి వదిలేసి ఎక్కడికో కొట్టుకుపోతుంది, అందుకని మొదటి వారం చిన్న గిన్నెలో రాతి ముక్కలు వేసి దానిలో ఉంచి పైన నెట్ గుడ్డ కట్టండి, అదే ఏదో ఒక రాయిని పట్టుకుంటుంది, అప్పుడు ఆ రాయిని జిగురుతో అంటించుకోవచ్చు. జిగురు అంటే సూపర్ గ్లూ జెల్ రకమే, పలచటిది పనికిరాదు.

టోడ్‌స్టూల్ లెదర్‌ని మధ్య ఎత్తులో, వేవ్‌మేకర్ నీళ్ళు ఎదురుగా కాకుండా పక్క గోడకు తగిలి తిరిగొచ్చే చోట పెట్టండి. కొంచెం అల తగలాలి, ఎందుకో దానికి పొర వచ్చినప్పుడు మీకే తెలుస్తుంది. చుట్టూ ఆరంగుళాల ఖాళీ వదలండి, ఇప్పుడు బొటనవేలంత ఉన్నది ఏడాదికి అరచేయంత అవుతుంది. లెదర్ నీళ్ళలోకి ఒక రకం రసాయనం వదిలి పక్కవాటిని ఎదగనివ్వదు, సంప్‌లో యాక్టివేటెడ్ కార్బన్ సంచి పెట్టి మూడు నాలుగు వారాలకోసారి మార్చండి. పిడికిలి తెరిచి మూసినట్టు కొట్టుకునే జీనియా అనే మెత్తటి కోరల్ చూస్తే పాపకు చాలా నచ్చుతుంది, కానీ రాళ్ళన్నీ ఆక్రమిస్తుంది, పెడితే ఇసుకలో విడిగా ఒక రాయి దీవిలా ఉంచి దాని మీదే పెట్టండి.

కొత్తది తెచ్చిన రోజు లైటు సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. పెట్టిన చోట పెట్టినట్టు ఉంచండి. రోజుకో చోటికి మార్చేవాళ్ళ చేతుల్లో పోయినన్ని కోరల్స్ తక్కువ వెలుతురులో పోలేదు. ఆల్కలినిటీ 8, 9 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, ఇవాళ ఎంతుందో వచ్చేవారం అంతే ఉండాలి. నైట్రేట్ సున్నా చేయాలని తాపత్రయపడొద్దు, మెత్తటి కోరల్స్‌కు 5, 10 పీపీఎం ఉంటేనే నిండుగా ఉంటాయి. వారానికి 15 లీటర్ల నీళ్ళు మార్చండి. చేపకు జబ్బు చేస్తే రాగి ఉన్న మందు ఈ ట్యాంక్‌లో ఎప్పుడూ వేయొద్దు, వేరే తొట్టిలో వైద్యం చేయండి.

అమ్మగారికి ఇలా చెప్పండి. ఉంగరంలో పెట్టే ఎర్ర పగడం మధ్యధరా సముద్రంలో చీకటి గుహల్లో పెరిగే వేరే రకం, దాని లోపల నాచు ఉండదు, వెలుతురు అక్కర్లేదు, ఏడాదికి మిల్లీమీటరు మందం కూడా పెరగదు. పగడం అంటే రాయి కాదు, ఒక జీవి కట్టుకున్న ఇల్లు అని చెబితే ఆవిడకు వెంటనే అర్థమవుతుంది. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను, పిల్లలకు ఇలాగే చెబుతాను.

---

గద్వాల_అల

జోయాంతిడ్స్ అనే కోరల్ లాంటి జీవుల గురించి ఎవరూ రాయలేదు, రేపు ఎవరైనా తక్కువకు ఇస్తే తీసుకుంటారేమో అని చెబుతున్నా. ఇంట్లో చిన్నపిల్ల ఉంది కాబట్టి ఇప్పుడప్పుడే వద్దు. బొత్తాల్లా రంగురంగుల్లో అందంగా ఉంటాయి, పెంచడం కూడా సులువు, కానీ వాటిలో కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే చాలా ఘోరమైన విషం ఉంటుంది. ఎప్పుడైనా పెడితే చేతులకు గ్లవ్స్, కోసేటప్పుడు కళ్ళద్దాలు తప్పనిసరి. అవి ఉన్న రాయిని శుభ్రం చేయాలని వేడినీళ్ళలో మరిగించడం, బ్రష్‌తో రుద్దడం అస్సలు చేయకూడదు, ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంగతులు విదేశాల్లో ఉన్నాయి. చేతి మీద గాయం ఉన్న రోజు ట్యాంక్‌లో చెయ్యి పెట్టకండి.

---

రామగిరి_నల్గొండ

మార్చి చివర. అందరూ చెప్పినట్టు చేశాను. ట్యాంక్ ఖాళీ చేసి లోపలి గదికి మార్చాం, నలుగురం మోశాం. డీఐ పెట్టాను, మీటర్ 0. షాపతనికి వద్దని చెప్పేశాను. అల మేడం చెప్పిన రెండు మష్రూమ్స్, ఒక టోడ్‌స్టూల్ లెదర్ హైదరాబాద్‌లో ఒక పెద్దాయన ఇంటి ట్యాంక్ నుంచి తెచ్చుకున్నా, తల్లి కోరల్ అన్నం పళ్ళెమంత ఉంది.

మూడు వారాలు బాగుంది. ఐదు రోజుల నుంచి లెదర్ మూసుకుపోయింది. పైన ఉండే చిన్న చిన్న వెంట్రుకల్లాంటివన్నీ లోపలికి పోయి నున్నగా, మైనం పూసినట్టు మెరుస్తోంది. ఒక పక్క గోధుమరంగు పాచి పట్టింది. ఉప్పు 35, వేడి 26.5, ఆల్కలినిటీ 8.4, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. చోటు మార్చనా?

---

అల_దేవరకొండ

మార్చొద్దు, ముట్టుకోవద్దు. లెదర్ పొర వదులుతోంది. నెలకో, రెండు నెలలకో ఒకసారి పైచర్మం మీద మైనంలాంటి పొర కట్టి, దాని మీద చేరిన నాచు, మురికితో సహా ఊడ్చేసుకుంటుంది. కొన్నిసార్లు వారం, పది రోజులు పడుతుంది. పాల మీద మీగడ అంచు లేచినట్టు పొర ఒక చోట పైకి లేవడం కనిపిస్తుంది చూడండి. అల తగిలే చోట పెట్టమన్నది దీనికే, నీళ్ళే ఆ పొరను లాక్కుపోతాయి. అంచు లేచాక ఊడకుండా వేలాడుతుంటే సిరంజిలో ట్యాంక్ నీళ్ళే పట్టి మెల్లగా ఊదండి, చేత్తో పీకొద్దు. వాసన వచ్చినా, కాడ మెత్తబడి నల్లగా అయినా అప్పుడు మాత్రం వెంటనే ఫోటో పెట్టండి.

---

రామగిరి_నల్గొండ

మేడం, ఎనిమిదో రోజు పొద్దున ఊడిపోయింది! పాలిథిన్ ముక్కలాంటిది వేవ్‌మేకర్ జాలీకి చుట్టుకుని ఉంటే తీసేశాను. సాయంత్రానికి వెంట్రుకలన్నీ బయటికొచ్చాయి, ముందుకంటే పొడుగ్గా.

---

రామగిరి_నల్గొండ

జూన్ 9. మొన్ననే మృగశిర వచ్చింది, మా దగ్గర ఒక జల్లు పడింది. మే అంతా రోజుకు మూడుసార్లు రాసిపెట్టుకున్నా, ట్యాంక్ ఎక్కువలో ఎక్కువ వెళ్ళింది 28.4. రెండుసార్లు కరెంటు పోయింది, ఒకసారి నాలుగు గంటలు, బ్యాటరీ పంపు, మూడు మంచు సీసాలు కాపాడాయి. ఆ నాలుగు గంటల్లో పెరిగింది ఒక్క డిగ్రీ లోపే. మే మొదలయ్యేలోపే చిల్లర్ కూడా తీసుకున్నా, పాలమూరు అన్న మాట ప్రకారం క్యాబినెట్ బయటే పెట్టాను.

నిన్న చిన్నది పీట మీద కూర్చుని అరిచింది, పోయి చూస్తే పెద్ద మష్రూమ్ కాడ పక్కన రాయి మీద చిటికెన వేలి గోరంత ఊదా చుక్క ఉంది. అది కొత్త పిల్లేనా? ఫోటో రాత్రి లైటు ఆర్పేలోపు తీసి పెడతా.